పిట్టల బల్లకి ఎంత వాలు?

కుట్టు గది,
కిటికీ దగ్గర

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నాకో లెక్క కావాలి. ఫోనులో అడిగితే నువ్వు ఆఁ ఊఁ అంటూ ఏదో ఒక అంకె పడేసి పెట్టేస్తావు, నేను దాన్ని తప్పుగా రాసుకుంటాను. పైగా మా ఇంట్లో ఫోను వినపడాలంటే పెరట్లోకి రావాలి. పెరట్లో మాట్లాడితే ఎదుటి మేడాయన వింటాడు. అందుకే కాగితం.

పిట్టల బల్ల ఒకటి చేస్తున్నాను. నవ్వకు. పొడుగాటి గుంజ మీద పలక, మూలలకి నాలుగు పుల్లలు, పైన ఇంటికప్పులా రెండు వైపులకీ వాలిన కప్పు. పలక మీద గింజలూ నీళ్లూ పెడతాను. చెక్క దొరికింది. కప్పు మీద పరచడానికి మన పాత స్టీలు పెట్టె మూత ఉంది. బూడిదతో తోమితే అద్దంలా వచ్చింది. కప్పు వాలు ఎంత ఉండాలో చెబితే చాలు. ఫ్యాక్టరీ షెడ్లకే కప్పులు బిగించేవాడివి, నీకిదో లెక్కా?

కొలతలు ఇవి. గుంజ ఎత్తు పన్నెండడుగులు. గుంజ నుంచి మేడ గోడకి ముప్పై అడుగులు. ఆ మేడ మొదటి అంతస్తు కిటికీ కూడా గుంజంత ఎత్తులోనే, నాకు సరిగ్గా తూర్పున ఉంది. పొద్దున ఎనిమిదిన్నర దాటాక వచ్చే ఎండకి సరిపోయేలా చూడు.

మేడాయన సంగతి నీకు చెప్పనే లేదు కదూ. మా రెండిళ్ల మధ్య గోడ మీద ఇనప ఫ్రేము కట్టించి, మనిషికి రెండింతల ఎత్తున నల్ల షీటు బిగించాడు. నా దగ్గరికి కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్లు గలగలా మాట్లాడుతుంటే ఆయన పేపరు చదువుకోలేకపోతున్నాడట. షీటుకి మాటలు ఆగుతాయా? మాటలు ఆగలేదు, నా పొద్దుటి ఎండ ఆగిపోయింది. గుండీలకి కాజాలు, అంచులు, సన్న పనంతా నేను పొద్దున్నే ఆ కిటికీ దగ్గర చేస్తానని నీకు తెలుసు. ఇప్పుడు నల్ల దారం, ముదురు నీలం దారం నాకు ఒకటే అయిపోయాయి. మొన్న ఒకాయన నల్లకోటుకి నీలం దారంతో కాజాలు కుట్టిచ్చాను. ఆయన మళ్లీ రాలేదు. ఆయన చెప్పగా విన్నవాళ్లు కూడా రావడం లేదు.

వెళ్లి మర్యాదగానే అడిగాను. గేటు కూడా తియ్యకుండా, "కనిపించకపోతే కుట్టడం మానెయ్యమ్మా. వయసొచ్చింది కదా" అన్నాడు.

సరే, అదలా ఉంచు. వాలు సంగతి త్వరగా రాయి.

అక్క


పని చోటు,
రేకుల గుట్ట నీడన

అక్కా,

పిట్టల బల్లా! చిన్నప్పుడు నేను నా రొట్టె ముక్క పిట్టలకి వేశానని నా వీపు మీద నాలుగు వేసినదానివి నువ్వే కదూ? ఇప్పుడు జాలి ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది?

వాన జారిపోవడానికి ముప్పై డిగ్రీల వాలు చాలు, రెండు వైపులా ఒకేలా. నెత్తి మీద రెండు పలకలూ కలిసే చోట అంచుల్ని కూడా అంతే ఏటవాలుగా చెక్కు. లేదంటే పైన సందు పడి నీళ్లు కారతాయి. అంతే పని.

కానీ నాకు కొన్ని అర్థం కాలేదు. పిట్టలకి ఎదుటింటి కిటికీ ఎత్తుతో ఏం పని? వాన నీ ఊళ్లో ఎనిమిదిన్నర చూసుకుని పడుతుందా? తోమిన స్టీలు రేకు ఎండలో తళతళలాడుతుంటే ఏ పిట్టైనా దాని దరిదాపులకి వస్తుందా? నీ మరదలు నీ ఉత్తరం చదివి, "మీ అక్క కట్టేది పిట్టలకి బల్ల కాదు, పులికి బోను" అంది. నేను నవ్వాను, తను నవ్వలేదు.

నిజం చెప్పు.

తమ్ముడు


కుట్టు గది,
అదే కిటికీ

తమ్ముడూ,

మరదలికి ఉన్న తెలివిలో నీకు సగం లేదు. అవును, బోనే.

ఆయన రోజూ ఎనిమిదిన్నరకి ఆ మొదటి అంతస్తు గదిలో, కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు పట్టుకుంటాడు. షీటు పైనుంచి నాకు కనపడుతూనే ఉంటాడు. నా ఎండ తీసుకున్నాడు కదా, వడ్డీతో పంపుతాను. సూటిగా కళ్లలోకి. అక్షరం కనపడకూడదు. కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, కుర్చీ అటూ ఇటూ లాక్కుని చావాలి. ఎవరైనా వచ్చి అడిగితే, అయ్యో, పిట్టల బల్లండీ అంటాను. పిట్టలకి గింజలు పెట్టుకోవద్దని ఎవడంటాడు?

వయసొచ్చిందట! ఆయనకంటే నేను ఎనిమిదేళ్లు చిన్న. మిషను తొక్కుతుంటే చక్రం చప్పుడులో కూడా నాకు ఆ మాటే వినపడుతోంది. గుడ్డ చింపుతుంటే ఆయన షీటు చింపుతున్నట్టే ఉంటుంది.

నువ్వు చెప్పిన ముప్పై డిగ్రీలూ అట్టముక్కతో చేసి, రేకు పెట్టి చూశాను. వెలుగు ఆకాశంలోకి పోయింది. ఆకాశం మీద నాకేం కక్ష లేదు. నాకు ఆ కిటికీ కావాలి. సరైన లెక్క పంపు.

అక్క


పని చోటు,
రేకుల గుట్ట నీడన

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం రావడం న్యాయమే. ఆ మాట విని నాకూ ఒళ్లు మండింది. నేను అక్కడ ఉండి ఉంటే ఆ ఫ్రేముకి బోల్టులు ఉండేవి కావు.

కానీ ఒక్కటి ఆలోచించు. నీకు పోయింది వెలుగు. నీ చేతిలో ఉన్నది వెలుగుని ఎటు కావాలంటే అటు తిప్పే రేకు. దాన్ని ఆయన కిటికీ వైపు ఎందుకు, నీ కిటికీ వైపే తిప్పుకో. నీ మిషను మీద ఎండ పడుతుంది, దారాలు తెలుస్తాయి, పోయిన జనం తిరిగొస్తారు. ఆయన షీటు ఆయన గోడ మీద ఎండి ఏడుస్తూ ఉంటుంది. ఆయన కళ్లు చెడితే నీ కళ్లు బాగవుతాయా? నీ కిటికీకి సరిపోయే వాలు నేను ఇవాళే లెక్క కడతాను. ఊఁ అను.

తమ్ముడు


కుట్టు గది

తమ్ముడూ,

ఊఁ అనను.

నా ఎండని నేను దొడ్డిదారిన తెచ్చుకోవాలా? ఆయన షీటు దర్జాగా నిలబడి ఉంటే, దాని వెనకాల నక్కి రేకు ముక్కతో ఎండ ఏరుకోవాలా? నాకా ముష్టి అక్కర్లేదు. ఆయన కళ్లలో నీళ్లు చూశాకే నాకు నిద్ర.

లెక్క పంపితే పంపు, లేకపోతే చెప్పు. పక్క వీధిలో వడ్రంగి ఉన్నాడు. ఆయనకి నీతులు రావు.

అక్క


పని చోటు,
కొత్త షెడ్డు కింద

అక్కా,

సరే తల్లీ. నీ పంతం నాకు తెలియనిదా.

ఒక సంగతి గుర్తుపెట్టుకో. రేకు ఒక డిగ్రీ వంగితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అందుకని తప్పు చెయ్యడానికి చోటు లేదు. ఆయన వైపు వాలు బాగా నిటారుగా ఉండాలి, అరవై ఏడు డిగ్రీలు. నీ దగ్గర డిగ్రీలు కొలిచే పరికరం లేదు కాబట్టి టేపుతోనే అయ్యేలా చెబుతున్నాను. తూర్పు పలక ఆరంగుళాలు, పడమటి పలక పన్నెండు, అడుగున పరిచే పలక పదమూడు. తూర్పు పలకనీ పడమటి పలకనీ నెత్తి దగ్గర కలిపి, వాటి కింది అంచుల్ని అడుగు పలక రెండు చివర్లకీ సరిగ్గా ఆనించు. మూడు కొలతలూ నిజమైతే వాలు దానంతట అదే వస్తుంది, నువ్వు ఏమీ వంచక్కర్లేదు.

కప్పు ఒక పక్కకి ఒరిగినట్టు కనపడుతుంది, కంగారుపడకు. పడమటి పలక ఎందుకంత పొడుగు, ఎందుకంత వాలు తక్కువ అని అడక్కు. గాలికి ఊగకుండా ఉండాలంటే అలాగే ఉండాలి. దాని మీద కూడా రేకు పరిచి, దాన్నీ అంతే బాగా తోము. మరిచిపోకు.

ఇది నేను మనసొప్పి చెప్పడం లేదు.

తమ్ముడు


కుట్టు గది,
పరదా చాటున

తమ్ముడూ,

నీ లెక్క తగలెయ్య!

నువ్వు చెప్పినట్టే కోశాను, బిగించాను, నిన్న గుంజకి ఎక్కించాను. ఇవాళ పొద్దున కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాను, చూసి తరిద్దామని. ఎండ వచ్చింది. రేకు మెరిసింది. వెలుగు వెళ్లి మొదటి అంతస్తు కిటికీ దాటేసి, దాని పై అంతస్తు కిటికీలో దూరింది. ఆ గది పైకప్పంతా తెల్లగా వెలిగిపోయింది. కిందేమో ఆయన హాయిగా కాలు మీద కాలేసుకుని పేజీ తిప్పాడు.

ఆ పై గది ఎవరిదనుకున్నావు? ఆయన భార్యది. మేడమ్మగారు నా దగ్గర గౌన్లు కుట్టించుకునేది. వచ్చినప్పుడల్లా గంట కూర్చుని కబుర్లు చెప్పేది. షీటు వేశాక రావడం మానేసింది. ఇవాళ ఆవిడ కిటికీ తలుపు తీసి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వెలుగు ఎక్కడినుంచి వస్తోందా అని మా పెరటి వైపే చూసింది. నేను దొంగలా పరదా చాటుకి పోయాను. ఆవిడ నాకేం అపకారం చేసింది? ఇప్పుడు వెళ్లి ఆయనకి చెబుతుంది. ఆయన మనుషుల్ని తెచ్చి గుంజ పీకిస్తాడు. నేను వీధిలో పరువు పోగొట్టుకుని, చీకట్లో గుడ్డిగా కాజాలు కుడుతూ కూర్చుంటాను.

పిట్ట మాత్రం ఒక్కటీ రాలేదు.

అక్క


పని చోటు

అక్కా,

లెక్క తప్పు కాదు. వెలుగు పైకి పోయిందంటే వాలు తగ్గింది. వాలు తగ్గిందంటే పలకల కాళ్లు ఎడంగా జరిగాయి. అడుగు పలక కొలిచి చూడు. టేపుతో కొలువు, కంటితో కాదు.

రాత్రంతా నీ గురించే అనుకున్నాం. మేడమ్మగారు ఏమందో వెంటనే రాయి.

తమ్ముడు


కుట్టు గది,
ఎండలో!

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందేసరికే అంతా తేలిపోయింది. మొదటినుంచీ చెబుతాను, మరదల్ని కూడా కూర్చోబెట్టుకుని చదువు.

మేడమ్మగారు వచ్చింది. ఆయన బయటికెళ్లడం చూసుకుని, చేతిలో పాత గౌను పట్టుకుని వచ్చింది. ఆవిడ తాపీగా కూర్చుని, "ఒళ్లు చేశాను. దీన్ని లూజు చెయ్యాలి. నువ్వు కుట్టినదేగా, పక్కల్లో లోపల అరంగుళం చొప్పున వదిలే ఉంటావు" అంది.

అరంగుళం చొప్పున! గౌను అక్కడే పడేసి పెరట్లోకి పరుగెత్తాను. నిచ్చెనెక్కి అడుగు పలకకి టేపు పెట్టాను. పధ్నాలుగు. నువ్వు పదమూడు చెప్పావు, నేను గీత పదమూడుకే గీశాను, కోసేటప్పుడు చెయ్యి మాత్రం తన అలవాటు తను పోనిచ్చుకుంది. ఇన్నేళ్లుగా ఏం కోసినా అటూ ఇటూ అరంగుళం వదిలే చెయ్యి ఇది. చెక్కని రేపు విప్పి లూజు చేస్తారా ఎవరైనా? మిగతా రెండు పలకలూ రేకు ఆనించి కోశాను కాబట్టి బతికిపోయాయి.

నిచ్చెన కింద మేడమ్మగారు నిలబడి ఉంది. దిగాను. ఇక దాచి లాభం లేదని నోరు తెరిచేలోపే ఆవిడ మొదలుపెట్టింది.

"ఆ వెలుగు నాకు పంపలేదని తెలుసులే. ఎవరికి పంపావో కూడా తెలుసు. ఆ షీటు నీ మీద కోపంతో వేశాడనుకున్నావా? నేను నీ దగ్గరికొచ్చి కూర్చుంటున్నానని వేశాడు. నీకు బయట చూడ్డానికేముంది, వినడానికేముంది అన్నాడు" అంది.

నేను చేతిలోని టేపు చుట్టాను.

"ఎంత దించాలి?" అంది.

"ఏమిటండీ?"

"వెలుగు. కిందికి ఒక అంతస్తు దించాలి కదా. కిటికీ మధ్యకి కాదు, కాస్త ఎడమకి తిప్పు. కుర్చీ ఎడమ పక్కన వేసుకుంటాడు."

నేనేదో ఒక్కదాన్నే పళ్లు నూరుకుంటున్నాననుకున్నాను తమ్ముడూ. ఆవిడ గింజలు కూడా తెచ్చింది, సంచిలో.

అడుగు పలక విప్పి, అటు అరంగుళం ఇటు అరంగుళం రంపంతో తీసేశాను. మర్నాడు పొద్దున వెలుగు వెళ్లి ఆయన ముఖం మీద వాలింది. ముందు పేపరు ఎత్తి పట్టుకున్నాడు. పేపరులోంచి కూడా వెలుగొచ్చింది. కుర్చీ జరిపాడు. కాసేపటికి వెలుగూ జరిగింది. లేచి కిటికీ దగ్గరికొచ్చి చూడబోయాడు, చూడలేకపోయాడు. ముక్కు ఎగబీల్చుకుంటూ జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశాను. ఎంత బావుందో నీకు ఎలా చెప్పను! పండు కోసి తిన్నట్టుంది.

మూడో రోజుకి పరదా వేయించాడు. ఇక పట్టపగలు లైటు వేసుకుని చదువుకోవాలి, నాలాగే. నాకు అదీ సంతోషమే. కానీ పరదాలు మాసిపోయాయని మేడమ్మగారు తీసేసింది. ఉతికి, అంచులు చిరిగాయని నాకు పంపింది. "తొందరేం లేదు, నీ వీలు చూసుకుని కుట్టు" అని కబురు. వీలు ఎప్పటికి చిక్కుతుందో నాకే తెలియదు.

ఒక వింత కూడా జరిగింది. పలక సరిచేసిన మర్నాడు పొద్దున్నే నా మిషను మీద ఎండ పడింది. షీటు అక్కడే ఉంది. అయినా పడింది. దారాల పెట్టె తెరిస్తే నల్లది నల్లగా, నీలంది నీలంగా ఉంది. ఎలా వచ్చిందో ఏమో. తొమ్మిదిన్నర దాకా ఉంది.

అక్క


పని చోటు,
దీపం దగ్గర

అక్కా,

వింతేం కాదు. పడమటి పలక గాలి కోసం పెట్టించలేదు. అది నీ కిటికీ లెక్క. అడిగితే వద్దంటావని అడగకుండా పెట్టాను. తూర్పు వాలు నీ పంతానికి, పడమటి వాలు నీ కళ్లకి. అరంగుళాలు వదలకపోయుంటే మొదటి రోజే నీ మిషను మీద పడేది.

తిట్టాలనుకుంటే తిట్టు. కానీ ఇప్పుడు నీకు వెలుగొచ్చింది, ఆయన కళ్లలో నీళ్లు చూశావు. ఇంక చాలు. తూర్పు రేకు తీసెయ్యి అక్కా. నీ మరదలు మాత్రం ఇంకో వారం ఉంచమంటోంది. ఆ మాట పట్టించుకోకు.

తమ్ముడు


కుట్టు గది,
కిటికీ బార్లా తెరిచి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను చంపేద్దామనుకున్నాను. నాకు తెలియకుండా నా మీద జాలిపడతావా? ఆ కోపంలో పడమటి రేకు పీకేద్దామని నిచ్చెన కూడా వేశాను. మళ్లీ ఒక గౌను అంచు మిగిలి ఉందని దిగొచ్చి, నీ ఎండలోనే కుట్టుకున్నాను. కుట్టు సన్నగా వచ్చింది. నీ మీద కోపం అక్కడితో సరి.

తూర్పు రేకు నీ మాట విని తియ్యలేదు. మరదలి మాటే విన్నాను.

అంతలో ఆయనే వచ్చాడు. మా గేటు దగ్గరికి, తనంతట తను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను కూడా గేటు తియ్యలేదు.

"ఆ రేకు తీసెయ్యమ్మా. పొద్దున కూచుంటే పేపర్లో ఒక్క అక్షరం కనపడి చావట్లేదు" అన్నాడు.

ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తున్నానురా ఆ ఒక్క మాట కోసం! "కనిపించకపోతే చదవడం మానెయ్యండి. వయసొచ్చింది కదా" అన్నాను.

ఆయనకి తన మాట గుర్తుంటుందో ఉండదో అని నాకు లోపల భయం. గుర్తులేకపోతే నా కష్టమంతా గంగపాలే కదా. గుర్తుంది. చెవులు ఎర్రబడ్డాయి. నేల చూశాడు. ఆ ముఖం నేను బతికున్నంత కాలం దాచుకుంటాను.

"ఏం చేస్తే తీస్తావు?" అన్నాడు చివరికి.

"మీ షీటు దిగిన పూట నా రేకు దిగుతుంది" అన్నాను.

మర్నాడే మనుషుల్ని పిలిపించి షీటు విప్పించాడు, ఫ్రేముతో సహా. పొద్దుటి ఎండ మొత్తం లోపలికొచ్చి గోడదాకా పాకింది. ఇప్పుడు నేను అందులోనే కూర్చుని రాస్తున్నాను. నల్లకోటు ఆయనకి కబురు పంపాను, కాజాలు ఊరికే మళ్లీ కుట్టి ఇస్తానని. వస్తానన్నాడు.

ఇచ్చిన మాట తప్పేదాన్ని కాదు. ఆ సాయంత్రమే నిచ్చెనెక్కి తూర్పు రేకు ఊడదీశాను. రేకు పోయాక బల్ల మీదకి మొట్టమొదటి పిట్ట వచ్చింది. ఆ కబురు నీకు రాద్దామనే కూర్చున్నాను. చూశావా, ఇంతసేపూ ఆయన గురించే రాశాను.

అసలు సంగతి ఇది. మేడమ్మగారు ఇప్పుడు దాక్కోకుండా పట్టపగలే వస్తోంది. నిన్న వచ్చి గౌను కొలతకి నిలబడి, మాటల్లో, "తీసిన రేకు ఏం చేశావు?" అంది.

"మంచం కింద పెట్టానండీ."

"అది నాకు కావాలి. నేనూ మా పెరట్లో పిట్టల బల్ల పెట్టుకుంటాను. పిట్టలకి పెట్టుకోవద్దని ఆయన మాత్రం ఎలా అంటాడు?"

ఆయనకి నేను ఇచ్చిన మాట నా రేకు నా గుంజ దిగడం వరకే. కాగితంలో చుట్టి ఇచ్చేశాను. ఆవిడ నా టేపు అడిగి తీసుకెళ్లి, తిరిగొచ్చి కొలతలు చెప్పింది. సాయంత్రం కింది గదిలో ఆయన టీవీ చూసే కుర్చీ పడమటి కిటికీకి ఏడడుగుల లోపల. ఆవిడ గుంజ ఆ కిటికీకి పది అడుగుల ఇవతల, తొమ్మిదడుగుల ఎత్తు. ఎండ ఐదున్నరది.

నా మిషను మీదకి వెలుగు తెచ్చిన లెక్క లాంటిదే కావాలనుకుంటాను. ఈసారి వాలు త్వరగా కట్టి పంపు. పలక నేనే కోస్తాను, అరంగుళం వదలకుండా.

అక్క